వంటింటి గడప ముందరి బండ

మా మేనత్త చనిపోయిందని బాల్కొండకు ఫోన్ చేసి చెప్పాల్సిన పని నా మీదే పడింది. అక్కడ ఉండేది ఆమె ఒక్కగానొక్క బిడ్డ, నాకు మరదలు. అంత పొద్దున్నే నా ఫోన్ చూసేసరికే ఆమెకు సగం అర్థమైనట్టుంది. నేను నోరు తెరవకముందే అడిగింది.

"పడ్డదా బావా?"

"పడలే."

"నిజం చెప్పు. ఏడ పడ్డది?"

"పడలే అంటున్న గద. మంచంల పండుకున్నది పండుకున్నట్టే పోయింది. మీ అక్క చాయ్ తీస్కపోయి లేపితె లేవలే."

అక్క అంటే నా భార్య, ఆమెకు వరుసకు అక్క. అవతల ఏడుపు మొదలైంది. తల్లి పోయిందన్న ఏడుపు కంటే ముందు ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. మీకూ చెబుతాను. అత్త చివరి ఏళ్లన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

అత్త మా నాన్నకు చెల్లెలు. ఆర్మూర్‌లో మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒకటే గోడ. నాకు అత్త, నా భార్యకు వరుసకు పెద్దమ్మ, గల్లీ మొత్తానికి ఒక పెద్ద నోరు. మామ ఎప్పుడో పోయాడు. ఉన్న కొద్దిపాటి చెలకలో పసుపు వేసి, తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, మార్కెట్ యార్డుకు తోలి బిడ్డ పెళ్లి చేసింది. అరచేతుల గీతల్లో పసుపు ఎన్నిసార్లు కడిగినా పోయేది కాదు. పోగొట్టుకోవాలని ఆమె ఎన్నడూ అనుకోలేదు కూడా.

ఆమెకు చెప్పులంటే పడదు. కిరాణా దుకాణానికైనా, బ్యాంకుకైనా, ఎండకాలంలో డాంబర్ రోడ్డు మీదైనా వట్టి కాళ్లతోనే. బిడ్డ కొనిచ్చిన మెత్తటి చెప్పులు అట్టడబ్బాలోనే ఉండేవి. అడిగితే, "చెప్పులేసుకుంటె నేల ఏం చెప్తున్నదో ఎట్ల తెలుస్తది?" అనేది. నేల ఏం చెబుతుందని అడిగితే, "నీ అసొంటోని మాటలు ఇనొద్దని చెప్తది" అనేది.

నాతో పని పడితే "అల్లుడా" అని పిలిచేది. కోపం వస్తే "ఓరి వైండింగోడా" అనేది. నేను కాలిపోయిన మోటర్లకు వైండింగ్ చేస్తాను, అందుకని. రోజుకు రెండు పిలుపులూ వినిపించేవి.

కండ్ల సంగతి మెల్లగా బయటపడింది. ఎదురుగా ఉన్న మనిషిని పోల్చేది గానీ, పక్కనున్న చెంబును తన్నేది. నిజామాబాద్ కంటి దవాఖానకు నేనే తీసుకుపోయాను. నీటి కాసులు అన్నాడు డాక్టర్. చుక్కలు వేసుకుంటే జోరు తగ్గుతుంది, పోయిన చూపు మాత్రం తిరిగి రాదు, చూపు పక్కల నుంచి మూసుకుంటూ మెల్లగా మధ్యకు వస్తుందని చెప్పాడు. అత్త చేతులు ఒళ్లో పెట్టుకుని అన్నీ విన్నది. తిరుగు బస్సులో జక్రాన్‌పల్లి దాటే దాకా నోరు విప్పలేదు. తర్వాత, "అయితె నేను గంతలు కట్టిన ఎద్దునైతున్న అన్నట్టు. ఎద్దుకైనా దారి తెలుస్తది గదరా?" అన్నది.

ఇంట్లో నేల పాత గచ్చు. పెచ్చులు లేచి, అక్కడక్కడ పిడికెడు గుంతలు పడి ఉండేది. ఇన్నేళ్లూ ఆ గుంతలను చూసి దాటుకుంటూ తిరిగింది. ఇప్పుడు కాళ్ల దగ్గర ఉన్నదే కనబడదాయె. ఒకరోజు పాలగిన్నెతో సహా బోర్లా పడింది. మణికట్టు వాచింది. అంతే, మరదలు మరుసటి బస్సుకే దిగింది.

"ఇగ చాలు అమ్మా. ఉగాదికి వస్త, నిన్ను తీస్కపోత. ఆయన దుబాయ్‌ల ఉన్నడు, గంత పెద్దిల్లు ఖాళీగ ఉన్నది. నువ్వీడ పడి నడుమిరగ్గొట్టుకుంటె ఎవ్వలు చూస్తరు?"

"నీ ఇంట్ల నాకు దారి తెల్వదే. గీ ఇంట్లనైతె కండ్లు పోయినా తెలుస్తది."

"గీ గుంతలల్లనా?"

"గుంతలు పూడుస్త."

"పూడ్చి?"

"పూడ్చినంక కండ్లు మూసుకోని ఇల్లంత తిరిగి చూపిస్త. తిరగకపోతె నువ్వు చెప్పినట్టే ఇంట. బట్టలు సదురుకోని నీ ఎనక వస్త."

మరదలు నావైపు తిరిగి, "బావా, నువ్వు సాచ్చెం" అన్నది. అట్లా ఆ ఇల్లు ఆమెకు ఉంటుందా పోతుందా అన్నది ఆ నేల మీద వచ్చి నిలబడింది.

మేస్త్రి వచ్చాడు. మంచివాడే. ఫోన్ తీసి పెద్ద పెద్ద టైల్స్ ఫొటోలు ఒక్కొక్కటే చూపించాడు.

"గివి వేస్కో అమ్మా. అద్దం లెక్క మెరుస్తది."

"నాకెందుకు బిడ్డా అద్దం? నేను చూసుకునేదున్నదా? జారిపడుడే ఉంటది."

ఆమెకు కావలసింది బండలు. పాలిష్ పట్టనివి, పాదానికి పట్టు దొరికేవి. అవి కూడా పెద్దవి కావాలి. బండ పెద్దదైతే సందులు తక్కువ, సందులు తక్కువైతే కాలు తట్టుకునే చోట్లు తక్కువ. ఆ లెక్క మేస్త్రి కూడా ఒప్పుకున్నాడు. కాకపోతే ఒప్పుకున్న పనులు చేతినిండా ఉన్నాయని, ఉగాది దాటితేనే వస్తానని చెప్పి బండి స్టార్ట్ చేశాడు.

బండి మలుపు తిరిగిందో లేదో అత్త అన్నది. "మనమే వేస్కుందాం."

నాకు చిర్రెత్తుకొచ్చింది. అవి చేతిపలకంత టైల్స్ కావు. ఒక్కొక్క బండను ఇద్దరు పట్టి లేపాలి. వేలు కింద పడితే చితికిపోతుంది. కింద పరిచే సిమెంటు మాలు ఎక్కువ తక్కువైతే బండ ఊగుతుంది, ఊగిన బండను మళ్లీ లేపాలంటే తల ప్రాణం తోకకు వస్తుంది. ఇవన్నీ గోడ దగ్గర నిలబడి గట్టిగానే చెప్పాను. "మేస్త్రి కోసం ఆగుదాం అత్తా, మరదలికి నేను చెప్పుకుంట" అని కూడా అన్నాను.

ఆమె నా మాట మధ్యలో అడ్డుపడకుండా వినడం అదే మొదటిసారి. అంతా విన్నాక అన్నది. "మేస్త్రి వేసిపోతె నేను దాని మీద కొత్తగ నడక నేర్చుకోవాలె. నేను వేస్తె ఒక్కొక్క బండ నా చెయ్యి కిందికెళ్లి పోతది. ఇంకింత చూపున్నది. అది ఉన్నప్పుడే చేతులకు, కాళ్లకు చెప్పిపెట్టాలె."

నేను గోడకు ఆనుకుని, ఎన్ని బండలు పడతాయో లెక్క వేయడం మొదలుపెట్టాను.

"మూడు మాటలు అడుగుత, జవాబు చెప్పు" అన్నది మళ్లీ. "లేపగలుగుతమా? పగిలితె ఏడుస్తమా? తప్పైతె దానితోని బతుకుతమా?"

లేపగలమని నా భార్య గోడ అవతలి నుంచి చెప్పింది. ఆమెకు నాకంటే బలం ఎక్కువ, అందులో దాచేదేం లేదు. పగిలితే ఏడవమని నేనే ఒప్పుకున్నాను, రెండు బండలు ఎక్కువ తెప్పిస్తే సరిపోతుంది. మూడోదానికి ఎవరమూ జవాబు చెప్పలేదు. అత్త కూడా ఒత్తిడి చెయ్యలేదు. "ఒక్క బండ వేసి చూద్దాం. అది ఒప్పుకుంటె ఇల్లు వేద్దాం" అన్నది.

మీలో ఎవరికైనా ఇటువంటి పని సొంతంగా చేద్దామా వద్దా అన్న ఊగిసలాట ఉంటే, మా అత్త పద్ధతి చెబుతున్నాను. ఇంట్లో మొదలుపెట్టవద్దు. పెరట్లో గిన్నెలు తోమే చోట ఒకే ఒక్క బండ వేయండి. మేము అదే చేశాం. మొదటిసారి నేను మాలులో నీళ్లు ఎక్కువ పోశాను. వేసినప్పుడు బండ చక్కగా కూర్చున్నట్టే కనబడింది. రెండు రోజులాగి అత్త దాని మీద నిలబడితే పీటలాగా ఊగింది. పైకి లేపి చూస్తే కింద ఒక మూలంతా ఖాళీ.

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది" అన్నది అత్త. మళ్లీ వేశాం. ఈసారి ఇసుక, సిమెంటు చేతిలో ముద్దకు వచ్చేంత తడితోనే కలిపాం, పైన సిమెంటు పాలు పోసి బండ దించాం, రబ్బరు సుత్తితో నాలుగు మూలలా కొట్టాం. ఆరాక ఆమె తాపీ పిడితో బండంతా తట్టి చెవి పెట్టి విన్నది. డొల్ల చప్పుడు ఎక్కడా రాలేదు. ఎక్కి నిలబడి, కండ్లు మూసుకుని, ఒక కాలు మీద బరువు వేసి, ఇంకో కాలు మీద వేసి చూసుకుంది.

"ఒప్పుకున్నది" అన్నది. బండలు తెప్పించమని అప్పుడు చెప్పింది.

ట్రాలీలో బండలు దిగిన రోజు ఆమె పొద్దంతా వాటి మధ్యే కూర్చుంది. ఒక్కొక్కదాని అంచు వేళ్ల మధ్య పట్టి మందం చూసుకుంది, అరచేత్తో పైభాగం నిమిరింది. మందం బండలు ఒక దిక్కు, పలుచటివి ఒక దిక్కు పెట్టించింది. మొయ్యడం మాత్రం మేమే. ఎదురింటి రైతు తన గుమ్మంలో నిలబడి, "ఏందన్నా, వైండింగ్ బందువెట్టి మేస్త్రివైనవా?" అని నవ్వాడు. నవ్వనీ అనుకున్నాను. వంగి వంగి నడుము పట్టేసింది గానీ లేకపోతే జవాబు చెప్పేవాణ్నే.

పాత గచ్చు తవ్వి పారబోశాక, వీధి తలుపు దగ్గర మొదలుపెట్టి వంటింటి వైపు పోయాం. మామూలుగా లోపలి నుంచి మొదలుపెట్టి బయటకు వస్తారు. కానీ అత్త ఆ రోజుల్లో వంటిల్లు, పెరడు విడిచి ఉండనన్నది. పెరటి తలుపు ఉండనే ఉంది కాబట్టి ఎదురు దిక్కుగా వచ్చాం. దారం కట్టుకున్నాం, నీళ్ల పైపుతో మట్టం చూసుకున్నాం, ఇల్లు కడిగితే నీళ్లు వీధిలోకి పోయేట్టు ఇంత వాలు పెట్టుకున్నాం. నేను షాపు మూసి వచ్చాక సాయంత్రాలు, ఆదివారాలు పొద్దంతా. ఎండ ముదిరింది, ఊరి చుట్టూ కళ్లాల్లో పసుపు ఆరుతోంది, గాలి వీస్తే ఉడికిన పసుపు వాసన ఇంట్లోకి వచ్చేది.

ప్రతి బండకూ ఆమె పరీక్ష ఒకటే. దించిన బండకూ, దాని పక్కదానికీ మధ్యనున్న సందు మీద బొటనవేలు పెట్టి కండ్లు మూసుకుని అటూ ఇటూ జరిపేది. అంచు గోరుకు తగిలిందా, "లేపు" అనేది.

"వెంట్రుకంత తేడా ఉంటది అత్తా."

"గా వెంట్రుకనే నన్ను వడగొడ్తది. లేపు."

లేపేవాళ్లం. ఎన్ని తిట్లు తిట్టుకున్నానో నాకే తెలుసు, ఆమెకు కూడా తెలుసు, నేను లోపల తిట్టుకోవడం ఎన్నడూ నేర్చుకోలేదు. ఒకరోజు నా బొటనవేలు బండ కింద నలిగింది. ఆమె పరుగున పోయి, ఇంకేం తెస్తుంది, పసుపే తెచ్చి అద్దింది.

"నొస్తున్నదా?"

"నొయ్యదా మరి!"

"మంచిదే. పానం ఉన్నట్టు" అన్నది. తర్వాత ఆ వేలు చాలాసేపు తన చేతిలోనే పట్టుకుని కూర్చున్నది.

ఉగాది దగ్గరికి వచ్చింది. ఆదివారం పొద్దున వంటింటి గడప ముందు ఆఖరి బండ దించాం. సందులన్నీ సిమెంటు పాలతో నింపాం. అత్త వీధి తలుపుకు అడ్డంగా తాడు కట్టింది. వంటింటి గడప దగ్గర చీపురు పట్టుకుని కాపలా కూర్చుంది. "మూడొద్దుల దాక పిల్లి కూడ తొక్కొద్దు" అని గల్లీ అంతటికీ వినబడేట్టు చెప్పింది. నా భార్యను, నన్ను, పాల ప్యాకెట్టు ఇవ్వబోయిన మనిషిని, అందరినీ కసిరింది.

ఆ రోజు మధ్యాహ్నం తిరిగాక మా ఊరి గుట్ట మీద మబ్బు కమ్మింది. మా దిక్కున ఆ కాలంలో మబ్బు చూస్తే అందరికీ గుండె జారుతుంది. ఎదురింటి రైతు గల్లీ చివరి ఖాళీ జాగాలో పసుపు ఆరబోశాడు. సగం ఎండినది. అది తడిస్తే రంగు పోతుంది, రంగు పోతే యార్డులో దాన్ని అడిగేవాడు ఉండడు. గాలి లేచింది. ఆయన ఇంటి మీద రేకులు రెండు లేచి రోడ్డు మీద పడ్డాయి. ఇక తన ఇంట్లో పోసుకునే దారి కూడా లేకపోయింది. గంపలు నెత్తిన పెట్టుకుని ఆయనా, భార్యా మా గోడ దాకా పరుగెత్తుకొచ్చారు. మా ఇల్లు షాపు మోటర్లతో నిండి ఉంది. వాళ్ల చూపు అత్త ఇంటి మీద పడింది. తాడు చూసి, తడి సందులు చూసి, ఆయన వెనక్కి అడుగు వేశాడు.

"వద్దులే అమ్మా. ఇప్పుడే వేసుకున్నరు."

మా గల్లీలో ఒక అలవాటుంది. ఎవరు పెట్టారో తెలియదు. వాన వస్తే ఎవరి పసుపుకైనా ఎవరి తలుపైనా తీసే ఉంటుంది. అడగనక్కర లేదు. అడిగే టైము కూడా ఉండదు. అత్త అప్పటికే పెరటి గుండా తిరిగి వచ్చి తాడు ముడి విప్పుతోంది.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "అత్తా, గీ నేల ఖరాబైతె మళ్ల వేసే టైం లేదు. ఉగాదికి బాల్కొండ పోవాల్సొస్తది, ఆలోచించుకో."

"పోతె పోత" అన్నది నా చెయ్యి విదిలించుకుని. "బండ మల్ల దొరుకుతది. పసుపుకు ఏడాది ఆగాలె. ఓ అల్లుడా, మాటలు బందువెట్టి గంపందుకో."

అందుకున్నాను. గల్లీ మొత్తం అందుకుంది. గంపలు, గోనెసంచులు, చీరకొంగులు, ఏది దొరికితే దానితో మోసి కొత్త బండల మీద పోశాం. వాన మొదలైంది. తడిసిన కాళ్లు, తడిసిన పసుపు, ఎవరు ఎక్కడ తొక్కుతున్నారో చూసే పరిస్థితి లేదు. అత్త లోపలి కొసకు పోయి నిలబడి అరుస్తూనే ఉంది. "గోడ పొంటి పొయ్యుండ్రి! నడిమిట్ల కాదు! ఓ పిల్లా, అంచుకు, అంచుకు!" ఆమె గొంతే మాకు దారి చూపింది. ఆఖరి గంప లోపలికి వచ్చేదాకా అక్కడి నుంచి కదలలేదు.

మర్నాడు ఎండ కాసింది. పసుపంతా తీసి మళ్లీ ఆరబోశారు. ఊడ్చిన నేల చూసి నా భార్య "అయ్యో" అని నోటి మీద చెయ్యి వేసుకుంది. సందులన్నీ ఎర్రగా ఉన్నాయి. బండకూ బండకూ మధ్య ఎర్రటి గీతలు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా.

పసుపులో సున్నం కలిస్తే ఎరుపవుతుందని మా దిక్కున చంటిపిల్లకు కూడా తెలుసు. దిష్టి తీసే ఎర్రనీళ్లు అట్లాగే కలుపుతాం. సిమెంటులోనూ సున్నం గుణమే ఉంటుంది. పుట్టినప్పటి నుంచి పసుపులో మునిగి తేలే మనుషులం ఇంతమందిమి ఉండి, ఒక్కరికీ తట్టలేదు. అత్త మోకాళ్ల మీద కూర్చుని, ముఖం నేలకు దగ్గరగా పెట్టి, ఉన్న చూపుతో ఒక గీత వెంబడి చూసింది. తర్వాత పకపకా నవ్వింది.

"మంచిగనే అయింది. ఇంటింటికీ ఓసారి దిష్టి తీస్తరు. నా ఇంటికి ఎప్పటికీ ఉండేటట్టు తీసిండ్రు."

నేనూ నవ్వబోయి, వంటింటి దిక్కు చూసి ఆగిపోయాను. వంటింటి గడప ముందరి బండ, ముందు రోజు పొద్దున దించిన ఆఖరి బండ, ఒక మూల కిందికి కుంగి ఉంది. బొటనవేలు మందం. పక్క బండ అంచు పైకి తేలింది. అన్ని రోజులు వెంట్రుకంత తేడా లేకుండా లేపి లేపి వేసిన నేల, సరిగ్గా ఆఖరున చెడింది. నాకు ఒళ్లు మండింది. గంపలు మోసిన వాళ్లందరినీ వరసపెట్టి తిట్టడం మొదలుపెట్టాను. ఎవడో తల లేనోడు దాని మీద నిలబడి ఉంటాడు, తాడెందుకు కట్టినట్టు, కాపలా ఎందుకు కూర్చున్నట్టు.

అత్త వచ్చి ఆ మూల మీద పాదం పెట్టింది. కాసేపు అట్లాగే ఉంచింది.

"ఓరి వైండింగోడా, ఎవ్వల్నీ అనకు. నేనే నిలవడ్డ."

పిల్లి కూడా తొక్కొద్దన్న మనిషి. గోడ పొంటి, అంచుకు అని అందరినీ దారిలో పెట్టిన మనిషి. ఆ సందడంతా అయిపోయేదాకా తడి బండ మూల మీద తనే నిలబడింది. కాళ్ల కింద ఏముందో ఆమెకు కనబడలేదు, మాలో ఎవరమూ చూడలేదు. నా భార్య ముందు నవ్వింది, తర్వాత నేను. నవ్వి నవ్వి ఆగాక గుర్తొచ్చింది. ఉగాది ఎదురుగా ఉంది.

సంగతి తెలిసి మేస్త్రి చూడటానికి వచ్చాడు. మిగతా నేలంతా తట్టి చూసి, బాగానే వేశారన్నాడు. ఈ ఒక్కటి పగలగొట్టి తియ్యాలి, తీస్తే పక్కవి కదులుతాయి, పండగ అయ్యాక చూద్దాం అన్నాడు. నేను ఇప్పుడే తీద్దామని గడ్డపార తెచ్చాను.

"పెట్టు ఆడ" అన్నది అత్త. "తప్పైతె దానితోని బతుకుతమా అని అడిగిన్నా లేదా? మీరెవ్వలు జవాబు చెప్పలే. నేను చెప్తున్న, బతుకుత."

మరదలు ఉగాది నాడు వచ్చింది. చేతిలో ఖాళీ బ్యాగు. ఎర్ర గీతలు చూసి నుదురు కొట్టుకుంది. కుంగిన బండ చూసి, "గిదేంది బావా, గీడనే పడ్తది" అన్నది. నేను సాక్ష్యం చెప్పాల్సిన వాణ్ని, మధ్యలో మాట్లాడకూడదు.

అత్త తువ్వాలతో కండ్లకు గంతలు కట్టుకుంది. నన్నే ముడి వేయమన్నది. వీధి తలుపు దగ్గర మొదలైంది. మంచం దగ్గరికి పోయింది, పటాల ముందు ఆగి దండం పెట్టింది, కిటికీ రెక్క తీసింది. పాదాలు లేపకుండా, నేలను తుడుస్తున్నట్టు మెల్లగా నడిచింది. తర్వాత వంటింటి దిక్కు తిరిగింది. మరదలు పట్టుకోవడానికి రెండు చేతులూ ముందుకు చాచింది. అత్త కాలు కుంగిన మూలకు వచ్చి తగిలింది. అక్కడ ఆగింది. పడలేదు. ఆగి, "ఆఁ, గిది నేను నిలవడ్డ జాగ. ఇగ ఒక్క అడుగుకు కడప" అని పైకే చెప్పుకుంది. కాలు ఎత్తి గడప దాటింది.

లోపలి నుంచి ఉగాది పచ్చడి గ్లాసుతో బయటకు వచ్చింది. కొంచెం చేతి మీద ఒలికింది, కొంచెమే. మరదలు ఆ గ్లాసు అందుకుని తాగుతూ ఏడ్చింది. ఏడుస్తున్నావేమే అంటే, "యాపపువ్వు ఎక్కువేసినవ్, చేదున్నది" అన్నది. సాయంత్రం బస్సుకు ఖాళీ బ్యాగుతోనే వెళ్లిపోయింది. బస్సు ఎక్కేముందు నాతో, "పడ్డదో, నిన్నేం జెయ్యాల్నో నాకు తెలుసు" అన్నది.

ఆ తర్వాత అత్త చూపు డాక్టర్ చెప్పినట్టే మూసుకుంటూ వచ్చింది. చివరికి వెలుగు ఏదో, నీడ ఏదో మాత్రమే తెలిసేది. అయినా పొద్దున్నే ఇల్లు తనే ఊడ్చుకునేది. శుక్రవారం శుక్రవారం బకెట్ల కొద్దీ నీళ్లు పోసి తనే కడిగేది. సాయంత్రం మేము పోతే, "లైటు వేసుకోరాదుండ్రి, నాకంటె కనవడదు, మీకేమైంది?" అని కసిరేది. వచ్చింది ఎవరో బండ మీది అడుగును బట్టి చెప్పేది. నా భార్య అడుగు గట్టిదట. నాది అప్పు అడగడానికి వచ్చినవాడి అడుగట.

ఒకసారి సందుల గురించి అడిగింది. "గీతలింక ఎర్రగనే ఉన్నయారా?"

ఎరుపు ఎప్పుడో వెలిసింది. మెల్లగా మట్టిరంగుకు, తర్వాత మాసిన పసుపుకు తిరిగింది. ఆమె మనసెందుకు కష్టపెట్టాలని, "ఎర్రగనే ఉన్నయి అత్తా" అన్నాను.

"అబద్ధాలకోరా. సున్నం చల్లారితె పసుపు మల్ల పసుపైతది. నా పసుపు నాకు తెల్వదా?" అన్నది. చాలా సంతోషంగా ఉన్నట్టు కనబడింది.

కుంగిన బండను సరిచేయిద్దామని మేము చాలాసార్లు అన్నాం. కడిగిన ప్రతిసారీ అక్కడ నీళ్లు నిలుస్తాయి, ఎవరైనా జారతారని భయం. ఆమె ఒప్పుకోలేదు. "ఇల్లంత సమానంగుంటె నేనేడున్ననో నాకెట్ల తెలుస్తది?" అనేది. ఆ నిలిచిన నీళ్లను గుడ్డతో తనే అద్ది తీసేది. అంత చదునుగా నేల వేయించింది ఆమే, ఆ నేల మీద దారి చూపే గుర్తుగా తన తప్పునే ఉంచుకున్నదీ ఆమే. ఆ ఇంట్లో ఆమె మళ్లీ ఒక్కసారి కూడా పడలేదు. అందుకే ఆ రోజు ఫోన్‌లో అంత గట్టిగా చెప్పగలిగాను.

నేను ఆమె దగ్గర చాలా తిట్లు తిన్నాను, అంతకంటే ఎక్కువ చాయ్ తాగాను. ఏదైనా మొదలుపెట్టే ముందు ఇప్పుడు ఆ మూడు ప్రశ్నలు వేసుకుంటాను. మొదటి రెండింటికి జవాబు చాలామంది చెబుతారు. మూడోదానికి చెప్పిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆమె లేదు. గోడ అవతల నుంచి పిలుపు రాదు. ఇది రాస్తున్నప్పుడు కూడా రెండుసార్లు అటువైపు తల తిప్పాను.

కర్మలన్నీ అయ్యాక ఇల్లు కడిగాం. మరదలు చీర పైకి దోపుకుని తనే బకెట్లు పోసింది. నేను చీపురుతో నెట్టాను. నీళ్లు వంటింటి దగ్గర బయలుదేరి బండల మీదుగా సాఫీగా వీధిలోకి జారిపోయాయి, ఆ రోజుల్లో దారం కట్టి పెట్టుకున్న వాలు ఇంకా చెక్కుచెదరలేదు. అన్నీ పోయాక వంటింటి గడప ముందు ఇంత నీళ్లు మిగిలాయి. నా భార్య అలవాటుగా గుడ్డ తెచ్చింది.

మరదలు ఆమె చెయ్యి పట్టి ఆపింది. చెప్పులు విడిచి ఆ నీళ్లలో నిలబడింది, వంటింటి వైపు ముఖం పెట్టి. కండ్లు మూసుకుంది. కాసేపటికి, "ఇగ ఒక్క అడుగుకు కడప" అన్నది మెల్లగా. కాలు మాత్రం ఎత్తలేదు.

ఆ నీళ్లను ఎవరమూ తుడవలేదు. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాం. అవి వాటంతటవే ఆరాయి, ముందు చుట్టూ, ఆ తర్వాత లోపలికి, ఆఖరున మూలలో ఒక పాదమంత తడి మిగిలే దాకా.